న్యూట్రల్‌లో కొండ దిగుడు: నా ప్రాజెక్టు డైరీ

జూన్ 8, 2025, ఆదివారం

దర్శనం బాగానే అయింది. దిగేటప్పుడే తృటిలో తప్పింది.

తిరుమల టోల్‌గేటు దాటగానే ఎప్పటిలాగే బండిని న్యూట్రల్‌లో వేశాను. పదిహేనేళ్ళ అలవాటు. కొండ దిగేటప్పుడు బండి దానంతటదే పోతుంది కదా, పెట్రోలు ఎందుకు కాల్చాలి అని. వెనక మా ఆవిడ, ఆమె ఒళ్ళో లడ్డూల సంచీ. ఏడో మైలు ఆంజనేయస్వామికి దండం పెట్టుకుని కిందికి వస్తుంటే ఏదో కాలిన వాసన. ముందు పోతున్న జీపుదేమో అనుకున్నాను. రెండు మలుపులు దాటాక అర్థమైంది, వాసన నా బండిదే. వెనక బ్రేకు తొక్కితే పెడలు మెత్తగా కిందిదాకా పోతోంది, వేగం మాత్రం తగ్గట్లేదు. ఎదురుగా మలుపులో ఆర్టీసీ బస్సు నెమ్మదిగా తిరుగుతోంది.

గేరు వేద్దామనుకున్నాను. అక్కడే అసలు తప్పు జరిగింది. నా బండికి నాలుగు గేర్లూ ముందుకే తొక్కాలి. న్యూట్రల్ నుంచి ఒక్కసారి తొక్కితే పడేది ఫస్టు గేరే. దాదాపు నలభై వేగంలో ఫస్టు పడింది. క్లచ్ వదిలీ వదలగానే ఇంజను కేక పెట్టింది, వెనక చక్రం బిగుసుకుపోయి బండి తోక జాడించింది. మళ్ళీ క్లచ్ పట్టి, ముందు బ్రేకు ఉన్నంతా పిండాను. పిట్టగోడ పక్కన ఇసుకలో ఆగాం. పడలేదు. లడ్డూల సంచీ కూడా పడలేదు.

అలిపిరి చేరేదాకా మా ఆవిడ ఒక్క మాట మాట్లాడలేదు. బండి దిగి, హెల్మెట్ తీసి, "ఎంత మిగిలింది పెట్రోలు?" అని మాత్రం అడిగింది.

నా దగ్గర జవాబు లేదు. లెక్క తేల్చి చెబుదామనే ఈ డైరీ మొదలుపెడుతున్నాను.

జూన్ 10, మంగళవారం

కొర్లగుంటలో ఎప్పుడూ వెళ్ళే మెకానిక్ అన్న దగ్గరికి బండి తీసుకెళ్ళాను. వెనక చక్రం ఊడదీసి బ్రేకు షూలు నా చేతిలో పెట్టాడు. చక్రం మధ్యలోని డ్రమ్ముకు లోపలి నుంచి రాసుకుని బండిని ఆపే ముక్కలు ఇవే. గరుకుగా ఉండాల్సిన లైనింగు, అంటే షూ మీద రాసుకునే పొర, నున్నగా, నల్లగా మెరుస్తోంది.

"ఇవి షూలా సామీ, అద్దాలా? దువ్వెన ఉంటే తల దువ్వుకోవచ్చు."

తర్వాత డ్రమ్ము బయటి వైపు ఉన్న చిన్న బాణం గుర్తు చూపించాడు. బ్రేకు తొక్కినప్పుడు ఆ బాణం పక్కనున్న గీతను చేరిందంటే షూలు మార్చే సమయం వచ్చినట్టు. నాది గీత దాటిపోయి ఎన్నాళ్ళయిందో. పదహారేళ్ళుగా ఈ బండి నడుపుతున్నాను, ఆ బాణం ఉందని ఇవాళే తెలిసింది.

"న్యూట్రల్లో దిగినావా?"

"అందరూ అట్లే కదన్నా దిగేది."

"దిగనీలే. అందుకే కదప్పా నా అంగడి నడస్తా ఉండేది."

వాడి లెక్క ఇది. న్యూట్రల్‌లో ఉన్న బండికి బ్రేకు తప్ప వేరే పగ్గం లేదు. భయస్తులు ముందు బ్రేకు ముట్టుకోరు, అడుగడుక్కీ వెనకదే తొక్కుతారు. షూ డ్రమ్ముకు రాసుకుంటూనే ఉంటుంది, వేడెక్కుతుంది. వేడికి డ్రమ్ము సాగి షూలకు కొంచెం దూరం జరుగుతుంది, అందుకే పెడలు కిందిదాకా పోతుంది. పైగా లైనింగు వేడెక్కే కొద్దీ దాని పట్టు తగ్గుతుంది. చల్లారితే మళ్ళీ మామూలే. ఇంటికొచ్చాక తొక్కి చూసి "బ్రేకు బాగానే ఉందే" అనుకుంటాం.

రెండు వైపులా షూలు, కూలీ కలిపి 700 అయింది. ఒకటి నిజాయితీగా రాసుకోవాలి: అరిగిన షూలు నా తప్పు, ఆ నేరాన్ని న్యూట్రల్ మీదికి తోసెయ్యకూడదు. షూలు కొత్తవైతే న్యూట్రల్ ఫర్వాలేదా? దానికి కొలవడమే దారి.

జూన్ 13, శుక్రవారం

ముందు కాగితం మీద. తిరుమల సముద్రమట్టానికి సుమారు 850 మీటర్ల ఎత్తు, తిరుపతి సుమారు 160. తేడా 700 అనుకుందాం. బండి, ఇద్దరం, సంచీ కలిపి 240 కిలోలు. ఆ బరువు అంత ఎత్తు దిగిందంటే దాదాపు పదహారున్నర లక్షల జౌళ్ళ శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. అయిదు లీటర్ల నీళ్ళను పొయ్యి మీద మరిగించేంత వేడి అది. రెండు చిన్న డ్రమ్ముల మీద అయిదు లీటర్ల నీళ్ళు కాగుతున్నట్టు ఊహించుకుంటే చెమట పట్టింది.

కానీ అదంతా బ్రేకుల మీదే పడదు. దిగే ఘాట్ రోడ్డు పొడవు 19 కిలోమీటర్లు, అంటే సగటున వంద మీటర్లకు నాలుగు మీటర్లు కూడా దిగదు. ముప్పై వేగంలో పోతే గాలి, టైర్ల రాపిడి కలిసి సగానికి పైగా మింగేస్తాయి. అందుకే ఇన్నేళ్ళూ న్యూట్రల్‌లో దిగి బతికిపోయాను. చిక్కంతా ఆ సగటులోనే ఉంది. రోడ్డు ఒకచోట చదునుగా ఉంటుంది, ఒకచోట ఒక్కసారిగా వాలిపోతుంది. 36 హెయిర్‌పిన్ మలుపులు, ప్రతి దాని ముందూ వేగం కొయ్యాల్సిందే. ఈ రోడ్డు 1944లో తెరిచారు. 1974లో రెండో ఘాట్ వచ్చేదాకా ఎక్కేవాళ్ళూ దిగేవాళ్ళూ దీని మీదే. ఆ రోజుల్లో ఎదురుగా బండి వస్తుంటే ఈ మలుపుల్లో ఎట్లా తిప్పారో!

ప్రయోగాలు ఘాట్ రోడ్డు మీద చేయకూడదని మొదటే తీర్మానించుకున్నాను. వేలమంది భక్తులు తిరిగే దారి అది, నా తిక్కకు ప్రయోగశాల కాదు. దామలచెరువు దగ్గర మా పిన్ని వాళ్ళ మామిడితోపు పక్కన మూడువందల మీటర్ల తారు దిగుడు ఒకటి ఉంది. వంకర లేదు, కింద చదును, ఆదివారం పొద్దున కుక్క కూడా తిరగదు.

జూన్ 15, ఆదివారం

కుక్క తిరగదు అని రాశాను. తోతాపురి ట్రాక్టర్ల సంగతి మర్చిపోయాను. ఈ ఏడు ధర లేక ఫ్యాక్టరీల ముందు రోజుల తరబడి బారులు, తోపుల్లో కాయ రాలిపోతోంది. పిన్ని కొడుకు సాయానికి వచ్చాడు గానీ ముఖంలో ఉత్సాహం లేదు. ట్రాక్టరు వస్తే రుమాలు ఊపడం వాడి పని.

మేస్త్రీలు మట్టం చూసే నీళ్ళ గొట్టంతో వాలు కొలిచాం. పది మీటర్లకు అరవై సెంటీమీటర్ల దిగుడు. ఘాట్ రోడ్డు సగటు కంటే నిటారే.

డ్రమ్ముల వేడి కొలవడానికి కరోనా కాలంలో కొన్న నుదుటి గన్ తీసుకెళ్ళాను. అది మనిషి జ్వరం దాటితే చేతులెత్తేస్తుంది, అంకె లేకుండా కీచుమని అరుస్తుంది. ఏసీ మెకానిక్ స్నేహితుడి దగ్గర అసలైన గన్ అడిగి తెచ్చాను. ఇస్తూ ఒక మంచి మాట చెప్పాడు. మెరిసే అల్యూమినియం మీద ఆ గన్ తక్కువ చూపిస్తుందట, నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి దాని మీద కొలవమన్నాడు. అంటించి చూస్తే నిజమే, ఒకే డ్రమ్ము మీద టేపు ఉన్నచోట ఒక అంకె, లేనిచోట ఇంకో అంకె.

మొదటి పరీక్ష. పైన గీత దగ్గర సరిగ్గా ఇరవై వేగం, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, బ్రేకు ముట్టకుండా కింద గీత దాకా. నేనొక్కడినే. వేగం ఫోన్ జీపీఎస్‌లో. ఒక్కో రకం మూడేసి సార్లు.

న్యూట్రల్‌లో 44కు చేరింది. నాలుగో గేరులో 29. మూడులో 24. రెండో గేరులో పెరగడం మాట అటుంచి 19కి తగ్గింది.

అంకెలు చదివితే మామూలుగా ఉంటాయి గానీ బండి మీద కూర్చుంటే తేడా ఒళ్ళంతా తెలుస్తుంది. న్యూట్రల్‌లో మీటరులో పచ్చ లైటు వెలుగుతుంటుంది, చప్పుడు ఉండదు, చల్లగాలి, హాయి. వేగం ఎంత పెరిగిందో చెవికి తెలియదు. ముప్పై అనుకుని చూస్తే నలభై దాటి ఉంది. మూడో గేరులో ఇంజను సన్నగా మూలుగుతూ, వెనకనుంచి ఎవరో చొక్కా పట్టుకుని లాగుతున్నట్టు ఉంటుంది. సిరంజి మూతి వేలితో మూసి వెనక్కి లాగి చూడండి, అదే. యాక్సిలరేటర్ మూస్తే గాలి వచ్చే దారి మూసుకుంటుంది, పిస్టన్ లాగుతూనే ఉంటుంది, ఆ కష్టం గొలుసు మీదుగా వెనక చక్రానికి చేరుతుంది.

రెండో పరీక్ష. ఇరవై అయిదు వేగం దాటకుండా పదిసార్లు దిగడం, ఒకసారి మూడో గేరులో, ఇంకోసారి న్యూట్రల్‌లో బ్రేకు పట్టి. గాలి వేడి 37 డిగ్రీలు. మూడో గేరులో పదో దిగుడు తర్వాత ముందు డ్రమ్ము 42, వెనకది 41. గంటన్నర చెట్టు కింద చల్లారనిచ్చి న్యూట్రల్‌లో చేస్తే ముందుది 66, వెనకది 71. మధ్యలో పైకి ఎక్కేటప్పుడు డ్రమ్ములకు గాలి తగిలింది, కాస్త చల్లారాయి కూడా. బండి మీద ఒక్కడినే. ఘాట్‌లో ఇద్దరం, మధ్యలో ఎక్కడం ఉండదు. కొత్త షూలైనా సరే, ఆ టేపు మీద అంకె చూశాక నాకు అనుమానం తీరింది.

వేలితో ముట్టుకుని చూడబోయాడు పిన్ని కొడుకు. ఆపాను. 71 డిగ్రీలంటే బొబ్బ లేస్తుంది.

జూన్ 22, ఆదివారం

ఇవాళ పెట్రోలు లెక్క. మెకానిక్ అన్న మైలేజీ చూసే కొలత సీసా ఇచ్చాడు, ట్యాంకు పైపుకు టీ జాయింటు కూడా తనే పెట్టాడు. ఎక్కేటప్పుడు ట్యాంకు నుంచి, దిగేటప్పుడు సీసా నుంచి.

ముందు స్టాండు మీద ఊరికే పది నిమిషాలు తిరగనిచ్చాం. 26 మిల్లీలీటర్లు తాగింది. అంటే న్యూట్రల్‌లో దిగితే పెట్రోలు ఖర్చే లేదనుకోవడం ఉత్త భ్రమ. ఘాట్ రోడ్డు కిందికి 40 నిమిషాల కంటే తొందరగా దిగకూడదని దేవస్థానం నియమం. ఆ నలభై నిమిషాలకూ 104 మిల్లీలీటర్లు ఎటూ కాలతాయి.

తర్వాత దిగుడు మీద పదేసి సార్లు. న్యూట్రల్‌లో మొత్తం అయిదు నిమిషాల ఇరవై సెకన్లు, 14 మిల్లీలీటర్లు. మూడో గేరులో ఏడున్నర నిమిషాలు, 24. గేరులో నిమిషానికి కొంచెం ఎక్కువే తాగుతోంది, ఎందుకంటే నాది 2009 నాటి కార్బరేటర్ బండి, ఇంజను లాగే గాలితోనే పెట్రోలు కలిసి పోయే పాత పద్ధతి. యాక్సిలరేటర్ మూసినా ఐడ్లింగ్ (ఇంజను ఊరికే తిరగడం) కోసం పెట్టిన సన్న దారి గుండా పెట్రోలు కారుతూనే ఉంటుంది, ఇంజను వేగంగా తిరిగితే ఇంకాస్త ఎక్కువ లాగుతుంది.

నలభై నిమిషాలకు లెక్క కడితే గేరులో 128, న్యూట్రల్‌లో 104. తేడా 24 మిల్లీలీటర్లు. లీటరు 110 రూపాయల లెక్కన రెండు రూపాయల అరవై నాలుగు పైసలు. సీసా మీద గీతలు చూడటంలో నా కన్ను అటూ ఇటూ అయినా మూడు రూపాయలే అనుకుందాం.

బ్రేకు షూలకు పెట్టిన 700 రాబట్టాలంటే 234 సార్లు కొండ దిగాలి.

ఇంటికొచ్చి మా ఆవిడకు చెప్పాను. "మూడు రూపాయలు" అన్నాను. "టీ కూడా రాదే" అని వంటింట్లోకి వెళ్ళిపోయింది.

చీకటి పడ్డాక ఇంకొకటి కూడా చూసి వచ్చాను, అది రాయడం మరిచాను. ఇంజనే ఆపేసి దిగడం. కొందరు చేస్తారు, నేనూ ఒకటి రెండుసార్లు చేశాను. తాళం తిప్పగానే హెడ్‌లైటు పోయింది. ఇలాంటి పాత బండ్లకు హెడ్‌లైటు కరెంటు ఇంజను నుంచే వస్తుంది, బ్యాటరీ నుంచి కాదు. ఐడ్లింగ్‌లోనే మసక, ఆపితే కటిక చీకటి. తెలిసిన దారే, రెండు పక్కలా తెలిసిన చెట్లే, అయినా గుండె ఝల్లుమంది. పైగా ఆయిలు పంపును తిప్పేది ఇంజనే. అది ఆగితే గేరుబాక్సులో చక్రంతోపాటు తిరిగే పళ్ళకు దక్కేది చిమ్మిన ఆయిలే. మూడువందల మీటర్లకు ఏమీ కాదు. 19 కిలోమీటర్లు అలా దింపను.

జూన్ 29, ఆదివారం

ఇవాళ మళ్ళీ కొండకు. మా ఆవిడ ఒక్క షరతు పెట్టింది: పచ్చ లైటు కనబడకూడదు. భుజం మీదుగా తొంగి చూస్తూనే ఉంది.

మూడో గేరులో మొదలుపెట్టి, మలుపు కనబడగానే రెండుకు దించుకుంటూ వచ్చాను. గేరు దించడం మలుపుకు ముందే అయిపోవాలి, మలుపులో వంగి ఉన్నప్పుడు కాదు. మొదటి నాలుగైదు మలుపుల్లో క్లచ్ దబాలున వదిలి ఇద్దరం ముందుకు తూలాం. తర్వాత చెయ్యి కుదిరింది. బ్రేకు వాడలేదని కాదు. ప్రతి మలుపు ముందూ రెండు బ్రేకులూ కలిపి గట్టిగా ఒకసారి పట్టి వదిలేశాను. రాసుకుంటూ రావడానికీ పట్టి వదలడానికీ తేడా ఉంది, మధ్యలో డ్రమ్ముకు ఊపిరి ఆడుతుంది.

ఇన్నేళ్ళూ గమనించని సంగతి ఒకటి చెవిన పడింది. మా ముందు దిగుతున్న బస్సు దారి పొడవునా గుర్రుమంటూనే ఉంది. ఇన్నాళ్ళూ అది బస్సు ముసలితనం అనుకున్నాను. ఏ గేరులో ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలని లారీ డ్రైవర్లు అనే మాట చిన్నప్పటి నుంచీ వింటున్నాను, అది మనకు కాదనుకున్నాను. మమ్మల్ని దాటిపోయిన బైకుల్లో సగం మాత్రం చప్పుడు లేకుండా జారిపోయాయి. ఒకదాని మీద ముగ్గురు, ముందు ట్యాంకు మీద పిల్లవాడు.

ఫోన్ గడియారం ప్రకారం 44 నిమిషాలు. అలిపిరి దాటాక పక్కన ఆపి టేపు మీద కొలిస్తే ముందు డ్రమ్ము 63, వెనకది 58. వాసన లేదు, పెడలు గట్టిగానే ఉంది. అంటే గేరులో వచ్చినా వేడి తప్పదు, కానీ బ్రేకు దగ్గర ఇంకా దాచిన బలం ఉంది.

ఒక్కటి ఒప్పుకోవాలి. అలిపిరి నుంచి కపిలతీర్థం వైపు వచ్చే ఆ కాస్త వాలులో, సిగ్నల్ ఎరుపు కనబడితే న్యూట్రల్ చేసి జారుకుంటూ వచ్చాను. దానికి ఏమీ కాదు. వేగం తక్కువ, రోడ్డు తిన్నగా ఉంది, ఎలాగూ ఆగాలి. మా ఆవిడ వెనకనుంచి "పచ్చ లైటు" అంది.

జూలై 6, ఆదివారం, తొలి ఏకాదశి

పీలేరు దగ్గర మా ఊరికి వచ్చాను. నాయనకు డైరీ చదివి వినిపించాను. ఆయన ఒప్పుకోలేదు.

"నేను ముప్పై ఏండ్లు రాజ్‌దూత్ మీద భాకరాపేట ఘాట్ దిగినా. క్లచ్ పట్టుకోనో, న్యూట్రల్ చేసో దిగాల్సిందే. గేర్లో దిగితే పిస్టను పట్టేస్తుంది. మా మెకానిక్కే చెప్పె."

మొదట నవ్వొచ్చింది. ఆలోచిస్తే ఆయన చెప్పింది నిజం, ఆయన బండికి నిజం. రాజ్‌దూత్ టూ స్ట్రోక్ బండి, ఆయిలు పెట్రోల్లోనే కలిపి పోసేవాళ్ళు. యాక్సిలరేటర్ మూసి గేరులో దిగితే ఇంజను బాగా తిరుగుతుంది, పెట్రోలు మాత్రం చుక్కలు చుక్కలుగా వస్తుంది. పెట్రోలు లేదంటే ఆయిలూ లేదు. పిస్టను ఎండిపోయి పట్టేస్తుంది. అందుకే ఆ తరం వాళ్ళు క్లచ్ పట్టేవాళ్ళు, లేదా మధ్యమధ్యలో ఒకసారి యాక్సిలరేటర్ ఇచ్చి వదిలేవాళ్ళు. ఇప్పటి ఫోర్ స్ట్రోక్ బండిలో ఆయిలు విడిగా అడుగున ఉంటుంది, ఇంజను ఎంత తిరిగితే పంపు అంత తోడుతుంది. ఆ భయం పోయి ఏళ్ళయింది, అలవాటు మాత్రం నాయన నుంచి నాకు, నా నుంచి రేపు నా కొడుక్కి.

భాకరాపేట ఘాట్ పేరు వస్తే మా ఇంట్లో కాసేపు ఎవరూ మాట్లాడరు. 2022 మార్చిలో నిశ్చితార్థానికి వస్తున్న బస్సు అక్కడే లోయలో పడింది. నాయన కూడా కాసేపు ఆగి, "నీ బండి వేరే అయితే, నువ్వు గేర్లోనే దిగు" అన్నాడు.

మధ్యాహ్నం బావమరిది తన కొత్త బండి తెచ్చాడు. 2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్ 6 (పొగ కాలుష్యం మీద కొత్త నియమాల) రకం, కార్బరేటర్ లేదు, పెట్రోలును కొలిచి చిమ్మే ఇంజెక్టర్. మీటరులో అప్పటికప్పుడు మైలేజీ చూపిస్తుంది. ఊరి బయట చిన్న దిగుడులో మూడో గేరులో యాక్సిలరేటర్ వదిలితే అంకె ఎగిరి 99.9 దగ్గర నిలబడింది. వెంటనే న్యూట్రల్ చేస్తే అంకె కిందికి దిగింది. గేరులో దిగేటప్పుడు చక్రమే ఇంజనును తిప్పుతుంది కాబట్టి ఆ బండి పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ చేస్తే ఇంజను ఆగిపోకుండా మళ్ళీ పోయాలి. అంటే కొత్త బండికి న్యూట్రల్‌లో ఆ మూడు రూపాయలు కూడా మిగలవు, ఎదురు ఖర్చు. బావమరిది "మరి నేను రోజూ చేసేది?" అని అడిగాడు. డైరీ చేతికిచ్చాను.

జూలై 13, ఆదివారం

పని అయిపోయిందనుకున్నాను. మా ఆవిడ వినలేదు.

"వచ్చే శనివారం నా స్కూటరులో పోదాం. దానికి గేర్లే లేవు కదా, అది ఏం గేరులో దిగుతుంది?"

మంచి ప్రశ్నే. గేర్లు లేని స్కూటరులో క్లచ్ దానంతటదే పడుతుంది, దానంతటదే విడుతుంది. ఒక వేగం పైన ఉన్నంతసేపు ఇంజను కొంచెం పట్టి ఉంచుతుంది. నెమ్మదించి ఆ వేగం కిందికి వచ్చామా, క్లచ్ విడిపోతుంది, బండి న్యూట్రల్‌లో ఉన్నట్టే. మలుపుల్లో సరిగ్గా అదే జరుగుతుంది. అక్కడ మనం చేయగలిగింది బ్రేకు ఒక్కటే.

స్కూటరు వెనక డ్రమ్ము తడిగుడ్డతో తుడిచి, ఆరాక నల్ల టేపు ముక్క అంటించాను. బాణం గుర్తు గీతకు ఇంకా దూరంగానే ఉంది. దామలచెరువుకు ఫోన్ చేస్తే, ట్రాక్టర్లు తగ్గాయి, బుధవారం రమ్మన్నాడు పిన్ని కొడుకు.